పాత సామాను కబుర్లు: అది మా బందరు పనేనా?

ప్రశ్న: మొన్న వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళితే రైక్స్‌మ్యూజియం చూపించాడు. అక్కడ ఒక గది గోడలన్నీ నిగనిగలాడే చెక్క పలకలే. వాటి మీద పూలు, పిట్టలు, మనుషులు. అది 'కోరమాండల్ లాకర్' అనే మెరుగుపూత పని అని మావాడు చెప్పాడు. కోరమాండల్ తీరమంటే మాదే కదా! అవి మా బందరు వాళ్ళు చేసినవేనా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: కాదమ్మా, అచ్చంగా చైనా పని. బొంబాయి రవ్వ బొంబాయిలో పండుతుందా? ఇదీ అంతే. 17వ శతాబ్దం చివర్లో ఈ సరుకు చైనా నుంచి మన తీరంలోని రేవులకొచ్చి, ఓడ మారి యూరప్ చేరేది. కొన్నవాళ్ళు ఓడెక్కిన చోటి పేరే పెట్టేశారు. ఇదే సరుకుని ఇంగ్లీషువాళ్ళు 'బాంటమ్ పని' అని కూడా అన్నారు. బాంటమ్ జావాలోని రేవు.

లాకర్ అంటే మన ఏటికొప్పాక లక్క అనుకునేరు. లక్క పురుగు నుంచి వస్తుంది. ఇది చెట్టు పాలు. ఆ చెట్టు మన మామిడికీ, నల్లజీడికీ చుట్టమే. అందుకే పచ్చి లాకర్ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. ఇంకో చిత్రం, అది గట్టిపడాలంటే ఎండ కాదు, గాలిలో తేమ కావాలి. ఆ పాలు దొరకని యూరప్ పనివాళ్ళు మన దేశం నుంచి వెళ్ళిన లక్కని స్పిరిట్‌లో కరిగించి నకళ్ళు చేశారు. మనకు నిజంగా వాటా ఉందంటే ఆ నకళ్ళలోనే!

మీరు చూసిన పనికి చెక్క మీద మట్టీ జిగురూ కలిపిన మందపాటి పూత వేసి, పైన లాకర్ పూస్తారు. ఆరాక బొమ్మ గీసి, గీతలు మిగిల్చి, మధ్యభాగాన్ని మట్టి పొరదాకా చెక్కేసి రంగులు నింపుతారు. కాబట్టి గీత మిట్టగా, రంగు పల్లంగా ఉంటుంది.

ఆ మట్టి పొర సంగతి నాకు బాగా తెలుసు. మ్యూజియం మరమ్మతు గదిలో చేరిన కొత్తలో ఇలాంటి పలకనే తడి దూదితో తుడిచాను. మట్టి ఉబ్బి, గోరంత ఎర్రరంగు దూదికి అంటుకుని వచ్చేసింది. మా పెద్దాయన ఒక్క మాట అనలేదు. ఆ ముక్కని అగ్గిపెట్టెలో పెట్టి తేదీ రాశారు. తిట్టినా బాగుండేది.

అసలివి నిలువెత్తు మడత స్క్రీన్లు, చాలావాటికి పన్నెండేసి పలకలు. యూరప్‌లో వాటిని రంపంతో కోసి బీరువాలకీ గోడలకీ బిగించేశారు. కొందరైతే బొమ్మ తలకిందులైనా పట్టించుకోలేదు. 1688లోనే ఇంగ్లండులో అచ్చైన ఒక పుస్తకం ఈ కలగాపులగాన్ని వెక్కిరించింది. మీరు చూసిన గది 1695కి ముందు నెదర్లాండ్స్‌లోనే ఉన్న లీవార్డెన్ ఊళ్ళో పాలకుల నివాసం కోసం చేసినది. అదీ ఇలా స్క్రీన్లు కోసి అతికించినదే. మళ్ళీ వెళ్తే పలకల అంచుల దగ్గర నిలబడండి. ఒక పలకలో ఆగిపోయిన కొమ్మ పక్క పలకలో కొనసాగుతోందో లేదో మీ అబ్బాయిని వెతకమనండి.