దించిన జెండాను ఎలా మడవాలి, ఎలా దాచాలి?

ప్రశ్న: ఏటా ఆగస్టు 15న మా డాబా మీద జెండా ఎగురవేస్తాం. సాయంత్రం దించాక దానిని ఎలా మడవాలో ఇంట్లో తలా ఒక మాట చెబుతున్నారు. చీర మడిచినట్టు మడిచి బీరువాలో పెడితే తప్పవుతుందా? పైగా మరుసటి ఏడాది తీసేసరికి తెలుపు మీద రంగు మరకలు కనిపిస్తున్నాయి. కారణం ఏమిటి?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: 2002 జనవరి 26 నుంచి అమలులో ఉన్న జాతీయ జెండా నియమావళి, అంటే ఫ్లాగ్ కోడ్‌లో మడత ఎలా వేయాలో వరుసగా రాసి లేదు. జెండా మాసిపోయేలా, పాడయ్యేలా దానిని వాడకూడదనీ దాచకూడదనీ, నేలను తాకనీయకూడదనీ మాత్రం ఉంది. కాబట్టి మీరు ఇంతకాలం మరోలా మడిచి ఉంటే నేరం చేశామని బాధపడవలసిన పని లేదు. అయితే 2022లో ‘హర్ ఘర్ తిరంగా’ సందర్భంగా కేంద్ర ప్రభుత్వం బొమ్మలతో సహా ఒక పద్ధతిని ప్రచారం చేసింది. కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు కిందికి మడిచి, ఆ తరువాత రెండు కొసలనూ వెనక్కి మడిచి, చివరకు అశోకచక్రమూ దానికి పైన కొద్దిగా కాషాయమూ కింద కొద్దిగా ఆకుపచ్చా మాత్రమే కనిపించేలా చేయడం ఆ పద్ధతి. మడత విప్పకుండానే అది జాతీయ జెండా అని ఎవరికైనా తెలుస్తుంది, పొరపాటున కూడా దానిని మామూలు గుడ్డల్లో కలిపేయరు. అందుకే ఇళ్లలోనూ ఇదే పాటించడం మంచిదని నా అభిప్రాయం.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే జెండా 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో ఒక్కో రంగు పట్టీ 20 సెంటీమీటర్లు, చక్రం 18.5 సెంటీమీటర్లు. చక్రం రెండు వైపులా ఉంటుంది కనుక ఏ వైపు పైకి ఉన్నా ఇబ్బంది లేదు. శుభ్రమైన బల్ల మీద గాని, ఉతికిన దుప్పటి పరిచిన మంచం మీద గాని జెండాను అడ్డంగా పరచి, కాషాయపు పై అంచునూ ఆకుపచ్చ కింది అంచునూ లోపలికి తెచ్చి సరిగ్గా మధ్య గీత మీద కలపండి. ఇప్పుడు జెండా 30 సెంటీమీటర్ల వెడల్పుకు వస్తుంది. తరువాత పొడవును మూడు సమభాగాలుగా అనుకుని, ముందు తాడు లేని కొసనూ, దాని మీదికి తాడు ఉన్న కొసనూ మడవండి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే 30 సెంటీమీటర్ల చదరం మీ ముందు ఉంటుంది: పైన 5 సెంటీమీటర్ల కాషాయం, నడుమ చక్రంతో తెలుపు, కింద 5 సెంటీమీటర్ల ఆకుపచ్చ. తాడున్న కొసను చివరికి ఉంచమన్నది ఎందుకంటే, తాడు ముడి మడతల లోపల పడితే నెలల తరబడి ఒత్తుకుని గుడ్డ మీద అచ్చు పడిపోతుంది. ఈ పని ఇద్దరు కలిసి చేస్తే జెండా కింద జారదు. మడిచిన జెండాను చంకలో పెట్టుకోకుండా రెండు అరచేతుల మీద మోసుకుని వెళ్లాలి.

ఇక మరకల సంగతి. దీనికి మూలం తేమ. సాయంత్రపు మంచుకో చినుకులకో కొద్దిగా తడిసిన జెండాను అలాగే మడిస్తే, తెలుపు వెనక ఆనుకుని ఉన్న కాషాయం, ఆకుపచ్చ రంగులు దానిలోకి దిగుతాయి. నేను చెప్పిన మడతలో కూడా ఈ ప్రమాదం ఉంది. అందువల్ల దించిన వెంటనే పెట్టెలో పెట్టకుండా, ఇంటిలోపల గాలి తగిలే చోట నేలకు ఆనకుండా పూర్తిగా ఆరబెట్టండి. మడిచేటప్పుడు తెలుపుకూ రంగులకూ మధ్య పలుచని తెల్ల నూలుగుడ్డ ఒకటి వేయండి. నూలు జెండాను పాలిథిన్ సంచిలో బిగించి ఉంచితే లోపలి తేమ బయటికి పోలేక బూజు పడుతుంది. ఉతికిన తెల్లటి గుడ్డలో చుట్టి, బరువులు పైన పడని అరలో ఉంచడం మేలు. వార్తాపత్రికలో చుట్టకండి, సిరా అంటుతుంది. కలరా ఉండలు గాని ఎండు వేపాకు గాని వేయాలనుకుంటే చిన్న గుడ్డ సంచిలో కట్టి పక్కన ఉంచాలే తప్ప జెండాకు తగలనీయకూడదు. ఏడాదిలో రెండు మూడు సార్లు తీసి నీడలో గాలి తగలనిచ్చి, మడత గీత రెండు వేళ్ల మేర జరిగేలా తిరిగి మడిస్తే ఒకేచోట నలిగి చిరగడం తగ్గుతుంది.

ఫ్లాగ్ కోడ్‌కు 2022 జూలైలో చేసిన సవరణ తరువాత పౌరులు తమ ఇళ్ల మీద జెండాను పగలూ రాత్రీ ఎగురవేయవచ్చు. అంతకు ముందు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే అనుమతి. అవకాశం ఉంది కదా అని వానలో, గాలిలో వారాల తరబడి వదిలేసి, చివరికి పీలికలైన జెండాను ఇంటి మీద నిలపడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. చిరిగిన, రూపు చెదిరిన జెండాను ప్రదర్శించకూడదన్న నియమం ఇప్పటికీ అలాగే ఉంది. రోజూ చూసుకునే తీరిక లేనివారు సాయంత్రం దించుకోవడమే ఉత్తమం.

ప్రశ్న: అమెరికాలో జెండాను త్రికోణంగా మడుస్తారు. మేము ఇక్కడ మా తెలుగు సంఘంలో భారత జెండాను కూడా అలాగే మడిచాం. సరైనదేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: త్రికోణపు మడత అమెరికా జెండాకు చెందిన సంప్రదాయం, నక్షత్రాలున్న నీలి భాగం పైకి కనిపించేలా ఆ మడత అమరింది. మన జెండాను అలా మడిస్తే చక్రం లోపల పడి మూలల మీద నలుగుతుంది. ఇకముందు చదరపు మడతే వేయండి.

ప్రశ్న: మా పాఠశాలలో పూలరేకులు పెట్టి జెండాను కట్టి పైకి పంపుతాం. దించాక చూస్తే పసుపు మరకలు. పూలు పెట్టడమే తప్పా?
– ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: తప్పు కాదు. జెండాను ఏ వస్తువునూ మోసే సంచిలా వాడకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు: గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల వంటి సందర్భాల్లో ఆవిష్కరణకు ముందు పూలరేకులు ఉంచవచ్చు. మరక పూల తడి వల్ల వస్తుంది. ముందురోజు సాయంత్రమే తడి బంతిపూలు కట్టి ఉంచకుండా, గులాబీ రేకులను కాసేపు నీడలో ఆరనిచ్చి, కార్యక్రమానికి కొద్దిసేపటి ముందు గుప్పెడు మాత్రమే పెట్టండి. దించిన తరువాత మడతల్లో ఒక్క రేకు కూడా మిగలకుండా చూడాలి, లోపల కుళ్లేది అదే.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో రాట్నం బొమ్మ ఉన్న ఖద్దరు జెండా దొరికింది. ఉతికి, ఇస్త్రీ చేసి ఫ్రేము కట్టించాలని ఉంది.
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: దయచేసి ఉతకకండి, ఇస్త్రీ పెట్టె తగిలించకండి. మీ ఊరికి దగ్గరలోని భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల సమయంలో గాంధీజీకి జెండా నమూనా సమర్పించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులతో నడుమ రాట్నం ఉన్న జెండాను కాంగ్రెస్ 1931లో స్వీకరించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచి జాతీయ జెండాగా ఆమోదించింది. మీ దగ్గర ఉన్నది ఆ రెండు తేదీల నడుమ నాటిదైతే, ఒకనాడు ఎవరో లాఠీలకు ఎదురు నిలిచి పట్టుకున్న గుడ్డ కావచ్చు. దాని మీది మరక కూడా చరిత్రే.

ఇంత పాత ఖద్దరును అసలు మడవకూడదు, మడత దగ్గరే పోగులు తెగుతాయి. తెల్లటి నూలుగుడ్డ చుట్టిన లావుపాటి అట్టగొట్టానికి జెండాను వదులుగా చుట్టి, పైన మరో తెల్లగుడ్డ కప్పి, చీకటిగా, పొడిగా ఉండే చోట పడుకోబెట్టి ఉంచండి. ఫ్రేము కట్టించి ఎండ పడే గోడకు తగిలిస్తే కొన్నేళ్లలోనే రంగు వెలిసిపోతుంది. పురావస్తుశాలలో పాత వస్త్రాలు చూసే నిపుణులకు చూపించాకే ఫ్రేము గురించి ఆలోచించండి. జిగురు, మేకులు, సెల్లో టేపు వద్దేవద్దు.

ప్రశ్న: సైన్యంలో పనిచేస్తూ మరణించిన మా అన్నయ్య పేటికపై కప్పిన జెండాను మా వదినకు అప్పగించారు. ఆయన ఫొటోకు కప్పి ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీ కుటుంబానికి మా నమస్కారం. సైనిక అంత్యక్రియల్లో కాషాయం తల వైపు ఉండేలా జెండాను కప్పుతారు, దానిని చితిలో కాల్చరు, సమాధిలోకి దించరు. అందుకే అది మీ ఇంటికి చేరింది. ఫొటోకు కప్పడం మాత్రం వద్దు. ప్రభుత్వ లాంఛనాలతోనో సాయుధ బలగాల గౌరవంతోనో జరిగే అంత్యక్రియలకు తప్ప జెండాను పరదాలా కప్పకూడదని 1971 నాటి జాతీయ గౌరవ చట్టం చెబుతోంది. పైన చెప్పిన పద్ధతిలో చక్రం కనిపించేలా మడిచి, అద్దం మూత ఉన్న చెక్కపెట్టెలో కాషాయం పైకి ఉండేలా నిలిపి, ఆ పెట్టెను ఫొటో పక్కన, ఎండ తగలని చోట ఉంచండి. దండలు, అగరుబత్తులు, దీపం పెట్టెకు దూరంగా ఉండాలి.

ప్రశ్న: వెలిసిపోయిన జెండాలను ఏం చేయాలి? ఆగస్టు 16న రోడ్ల మీద కనిపించే చిన్న జెండాల సంగతేమిటి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పాడైన జెండాను నలుగురి ముందు కాకుండా ఏకాంతంగా, ముక్కలు చేయకుండా మొత్తంగా నాశనం చేయాలి. కాల్చడం మేలనీ, గౌరవానికి భంగం లేని మరో పద్ధతైనా ఫరవాలేదనీ నియమం. ఖాదీ, నూలు జెండాలకు ఇది సులువు. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టర్ జెండాలు కూడా వచ్చాయి. అవి కాలేటప్పుడు కరిగి ఘాటైన పొగ వస్తుంది కనుక ఇంట్లో కాకుండా ఆరుబయట, పెద్దల సమక్షంలోనే ఆ పని చేయాలి. ఆ తరువాత బూడిదను మట్టిలో కప్పిపెట్టండి.

కాగితపు జెండాలను చేత పట్టుకుని ఊపవచ్చు గాని, వేడుక ముగిశాక నేల మీద పారేయకూడదు. ప్లాస్టిక్ జెండాలు వాడవద్దని కేంద్ర హోం శాఖ పదేపదే సూచిస్తోంది, ఎందుకంటే అవి మట్టిలో కలవవు, గౌరవంగా వదిలించుకునే దారి కూడా ఉండదు. మీ కళాశాల మిత్రులు 16వ తేదీ ఉదయం ఒక శుభ్రమైన గుడ్డ సంచి తీసుకుని బయలుదేరి, మీ వీధిలో పడి ఉన్నవాటిని ఏరి, కాగితపువి వేరు చేసి పై పద్ధతిలోనే ఏకాంతంగా కాల్చండి. చెక్కుచెదరని గుడ్డ జెండాలు దొరికితే దుమ్ము దులిపి, ఆరబెట్టి, మడిచి వచ్చే జనవరికి దాచండి.