జపనీస్ నేర్చుకుంటున్న అమ్మాయికి పెద్దనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. వచ్చే ఏప్రిల్‌లో తోక్యోలో ఉద్యోగంలో చేరబోతున్నావనీ, జపనీస్ సామర్థ్య పరీక్షలో కింది నుంచి రెండో మెట్టైన ఎన్-4లో మంచి మార్కులే వచ్చినా అవతలివాళ్ళు ఫోనులో మాట్లాడితే నోరు పెగలడం లేదనీ రాశావు. ఆ దేశంలో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి, వచ్చాక కూడా ఆ భాషను వదిలిపెట్టనివాణ్ణి కాబట్టి, నాకు పనికివచ్చిన సంగతులు కొన్ని నీకు చెబుతాను. అన్నీ ఒకేసారి ఆచరించనవసరం లేదు.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: నువ్వు జపనీస్‌ను ఇంగ్లీషు పుస్తకాలతో, ఇంగ్లీషు వివరణలతో నేర్చుకుంటున్నావు. పుస్తకాలు మార్చుకోమని అనను, తెలుగులో అంత మంచివి దొరకవు కూడా. కానీ పుస్తకం మూసిన తరువాత ఆ పాఠాన్ని మనసులో తెలుగులోకి తెచ్చుకోవాలి. ఇంగ్లీషువాడికి ఈ భాషలో వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది కనుక వాడి వ్యాకరణ పుస్తకం ప్రతి విషయాన్నీ పెద్ద వింతలాగా వివరిస్తుంది. మనకు ఆ వింతల్లో సగం వింతలే కావు.

ఈ వాక్యం చూడు: “అస ఒకితె, గొహన్ ఒ తబెతె, దెన్ష ని నొత్తె, కైష ని ఇకిమస్.” పొద్దున లేచి, అన్నం తిని, రైలు ఎక్కి, ఆఫీసుకు వెళతాను. మాట పక్కన మాట పెట్టి చూస్తే వరుస ఎక్కడా మారలేదు. పదో తరగతిలో సంశ్లిష్ట వాక్యమనీ, క్త్వార్థకమనీ మాస్టారు చెప్పిందే ఈ ‘తె’ రూపం. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి పేజీలకు పేజీలు కేటాయిస్తాయి. నువ్వు ‘లేచి, తిని, ఎక్కి’ అనుకుంటే ఒక్క పూటలో పట్టుబడుతుంది. దాని మీద కట్టే సహాయక క్రియలూ అంతే. ‘తబెతె మిరు’ అంటే తిని చూడటం, అక్కడ కూడా ‘చూడు’ అనే క్రియే. ‘కఇతె ఒకు’ అంటే రాసి పెట్టడం, అక్కడ కూడా ‘పెట్టు’ అనే క్రియే. ‘వసురెతె షిమత్త’ అన్నప్పుడు మన ‘మరిచిపోయాను’లోని ‘పోయాను’ చేసే పనినే ‘షిమత్త’ చేస్తుంది. ‘నిన్న కొన్న పుస్తకం’ అనడానికి ‘కినో కత్త హొన్’ అంటారు. ఏ పుస్తకమో చెప్పే ముక్క మనకు లాగానే ముందు వస్తుంది. ఒకరి మాటను చెప్పేటప్పుడు మనం ‘అని’ పెట్టే చోట వాళ్ళు ‘తొ’ పెడతారు. పైగా మన క్రియలకున్న ‘ను, వు, డు, రు’ల బెడద అక్కడ లేదు. నేనైనా, నువ్వైనా, వాళ్ళైనా ఒకటే రూపం.

ఇంత పోలిక చూసి రెండూ చుట్టాలేమోనని నీకు అనిపించవచ్చు. సుసుము ఓనో అనే జపాన్ భాషాపండితుడు తమిళానికీ జపనీస్‌కూ బంధుత్వం ఉందని చాలా ఏళ్ళు వాదించాడు గానీ, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. ఆ తగవు మనకు అక్కరలేదు. చుట్టరికం లేకపోయినా ఇల్లు కట్టిన తీరు ఒకటే అయినప్పుడు, చీకట్లో కూడా తలుపు ఎక్కడుందో తెలుస్తుంది.

ఉచ్చారణ సంగతి. రోమన్ లిపిలో రాసుకున్న నోటు పుస్తకాలను ఈ రోజే పక్కన పెట్టు. వాళ్ళ అక్షరమాలలైన హిరగన, కతకన ఎలాగూ వచ్చు కనుక వాటిలో రాసుకో, సందేహం ఉన్న చోట పక్కన తెలుగులో రాసుకో. హ్రస్వమూ దీర్ఘమూ, ఒంటి అక్షరమూ ద్విత్వమూ వాళ్ళకు అర్థాన్నే మార్చేస్తాయి. ‘ఒబసన్’ అంటే పిన్నిగారి వయసు ఆవిడ, ‘ఒబాసన్’ అంటే బామ్మగారు. ‘కితె’ అంటే ‘వచ్చి’, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ళ. హ్రస్వ దీర్ఘాలైన ఎ, ఏ, ఒ, ఓలకు నాలుగు వేరువేరు అక్షరాలున్న మన లిపిలో ఈ తేడాలు కంటికి కనబడతాయి. వాళ్ళ ‘త్సు’ను చాలామంది విదేశీయులు ‘సు’ చేసేస్తారు. నువ్వు ‘చుక్క’, ‘చలి’ అనేటప్పుడు మొదటి అక్షరాన్ని ఎలా పలుకుతావో గమనించు. ఆ దంత్య చకారంతోనే ‘త్సుకి’ మొదలవుతుంది. జాగ్రత్త పడవలసినవి ట, డలు. ఇంగ్లీషు మాటల వల్ల మనకు వాటి మీద చేయి ఎక్కువగా పడుతుంది, అక్కడ త, దలే కావాలి. చివరి అచ్చును మింగడం కూడా విని నేర్చుకో, ‘దెసు’ అని రాసినా వినిపించేది ‘దెస్’ అనే.

అక్షరాల వరుస గురించి ఒక్క మాట. అ-ఇ-ఉ-ఎ-ఒ, తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఈ క్రమం బౌద్ధ సన్యాసుల సంస్కృత వర్ణమాల అధ్యయనం నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. ‘స’ ఉన్న చోట ‘చ’ను, ‘హ’ ఉన్న చోట ‘ప’ను ఊహించుకుంటే నిఘంటువులో మాట వెతకడానికి నీకు వేరే సాధన అక్కరలేదు. చైనా నుంచి వచ్చిన అక్షరాలైన కంజిల విషయంలో మాత్రం దగ్గరి దారి నాకు కనిపించలేదు. నిత్య వ్యవహారానికి ప్రభుత్వం ప్రకటించిన పట్టికలో 2,136 ఉన్నాయి, వాటిలో 1,026 ప్రాథమిక పాఠశాలలోనే నేర్పుతారు. విడివిడిగా కాకుండా మాటలతో పాటు నేర్చుకో, వేలు నొప్పి పుట్టేదాకా కాగితం మీద దిద్దు.

ఇక తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటి ఉంది, ఉద్యోగంలో అదే ఎక్కువ ప్రమాదం. మర్యాద. మనం మన పెద్దవాళ్ళ గురించి బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా ‘మా నాన్నగారు వచ్చారు’, ‘మేనేజరు గారు సీట్లో లేరండి’ అంటాం, అనకపోతే తప్పు. అక్కడ లోపలివాళ్ళు, బయటివాళ్ళు అనే గీత ముందు వస్తుంది, హోదా తరువాత వస్తుంది. బయటి కంపెనీ వాళ్ళు ఫోను చేసి మీ పై అధికారి తనక గారిని అడిగితే, ఎదురుగా ‘తనక-సన్’ అని పిలిచే మనిషినే ‘సన్’ తీసేసి, “తనక వ తదైమ సెకి ఒ హజుషితె ఒరిమస్” (తనక ప్రస్తుతం సీట్లో లేడు) అని తగ్గించి చెప్పాలి. ‘ఒరిమస్’ అనేది మనల్ని మనం తగ్గించుకునే క్రియ. అలాగే మన నాన్న ‘చిచి’, ఎదుటివారి నాన్నగారు ‘ఒతోసన్’. నీ తెలుగు సంస్కారం దీనికి ఎదురు తిరుగుతుంది, నాలుక ఒప్పుకోదు. అందుకే కేగొ, అంటే మర్యాద భాష, వాక్యాలను అర్థం చేసుకుని వదిలేయకుండా, ఫోను ఎత్తగానే నోటికి రావలసిన ఒక పదిహేను ఇరవై వాక్యాలను శ్లోకాల్లాగా కంఠస్థం చెయ్యి. నోరు పెగలడం లేదన్నావు చూడు, దానికి మందు ఇదే: ఫోనులో ఆలోచించి వాక్యం కట్టేంత వ్యవధి ఎవరూ ఇవ్వరు.

ఒక చోట మాత్రం తెలుగు మళ్ళీ ఆదుకుంటుంది. ఎదుటి మనిషిని ‘అనత’ (నువ్వు, మీరు) అని సంబోధించకు. వాళ్ళ పేరుకు ‘సన్’ చేర్చో, పదవి పేరుతోనో పిలువు. ‘అన్నయ్యగారు ఎప్పుడొచ్చారు?’ అని ఎదురుగా ఉన్న అన్నయ్యగారినే అడిగే పాత ఇళ్ళలో పెరిగినదానివి, నీకు కొత్త కాదు.

ఫోను విషయంలోనే మరొకటి. వాళ్ళు మాట్లాడుతూ ఉంటే మధ్యమధ్య ‘హై’, ‘ఎఎ’, ‘సో దెస్ నె’, ‘నరుహొదొ’ అంటూ ఉండాలి. దీన్ని ‘ఐజుచి’ అంటారు. కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టమని మీ అమ్మమ్మ అడిగేది కదా, అదే ఇది. నువ్వు మర్యాదగా నిశ్శబ్దంగా వింటే అవతలివారు లైను తెగిందేమోనని ‘మొషి మొషి?’ అంటారు, నువ్వు మరింత కంగారు పడతావు. ఊఁ కొట్టడం బాగా వస్తే సంభాషణలో సగం వచ్చినట్టే కనబడుతుంది, ఈలోగా మిగతా సగం ఆలోచించుకోవడానికి తీరిక దొరుకుతుంది.

అంకెల దగ్గర జాగ్రత్త. వాళ్ళకు పదివేలు ఒక మెట్టు, దాని పేరు ‘మన్’. లక్ష అంటే పది మన్, కోటి అంటే వెయ్యి మన్, పది కోట్లయితే ఒక ‘ఒకు’. జీతం మూడు లక్షల యెన్‌లైతే ముప్ఫై మన్ అని చెప్పుకోవాలి. సమావేశాల్లో తడబడేది ఇక్కడే, కాబట్టి కూరగాయల ధర మొదలుకొని కనబడిన ప్రతి అంకెనూ పైకి చదువు.

అక్కడికి వెళ్ళిన తరువాత నిషి-కసైలో ఇల్లు తీసుకోవాలా అని అడిగావు. తోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతం అది, పప్పులు, చింతపండు దొరుకుతాయి, ఒంట్లో బాగాలేనప్పుడు పలకరించేవాళ్ళూ ఉంటారు. ఉండు, తప్పేమీ లేదు. కానీ శని, ఆదివారాలు రెండూ తెలుగులోనే గడిచిపోతే మూడేళ్ళకు కూడా ఇప్పటి భాషే మిగులుతుంది, అలాంటివాళ్ళను నేను చాలామందిని చూశాను. అక్కడి పురపాలక సంస్థలూ, వాటికి అనుబంధంగా ఉండే అంతర్జాతీయ సంఘాలూ స్వచ్ఛంద కార్యకర్తలతో తక్కువ రుసుముకే జపనీస్ తరగతులు నడుపుతాయి. వాటిలో చెప్పేవాళ్ళు చాలావరకు ఉద్యోగ విరమణ చేసిన పెద్దవాళ్ళు, వాళ్ళకు తీరిక ఉంటుంది, ఓపిక ఉంటుంది, మనతో మాట్లాడాలని సరదా కూడా ఉంటుంది. మొదటి నెలలోనే వెళ్ళి చేరు. ఆఫీసులో ఉదయపు సమావేశంలో ఒక్కొక్కరు వంతుల ప్రకారం రెండు నిమిషాలు మాట్లాడే ఆనవాయితీ ఉంటే, నీ వంతు ఎగ్గొట్టకు. రోజువారీ నివేదిక రాయవలసి వస్తే, నీ కంటే ఒకటి రెండేళ్ళు పెద్దయిన సహోద్యోగిని దిద్దమని అడుగు. పై అధికారిని అడగకు, ఆయన మొహమాటానికి బాగుందంటాడు.

పరీక్షల మీద నాకు పెద్ద మోజు లేదు. మన దేశంలో జూలైలో, డిసెంబరులో జరిగే ఆ పరీక్షలో చదివే భాగం, వినే భాగం ఉన్నాయి గానీ మాట్లాడే భాగం లేదు, రాసే భాగమూ లేదు. సరైన జవాబు గుర్తు పెడితే చాలు. పై నుంచి రెండో మెట్టైన ఎన్-2 ఉంటే ఉద్యోగాల్లో తలుపులు తెరుచుకుంటాయి కనుక రాయి, కానీ అది వచ్చిందని భాష వచ్చిందనుకోకు. ఫోనులో రోజూ మార్కులు వేసే యాప్‌లను కూడా నేను ఇదే లెక్కలో వేస్తాను.

ఇక వచ్చిన భాష నిలబెట్టుకోవడం. ఏదో ఒక రోజు నువ్వు తిరిగి వస్తావు, లేదా ఇంగ్లీషు మాత్రమే వాడే ఉద్యోగానికి మారతావు, అప్పటి సంగతి ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది. హ్యారీ బారిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1984లో ఒక పరిశోధన ప్రచురించాడు. చదువుకునే రోజుల్లో స్పానిష్ నేర్చుకుని తరువాత పెద్దగా వాడనివాళ్ళను, యాభై ఏళ్ళ దాకా గడిచినవాళ్ళతో సహా, 700 మందికి పైగా పరీక్షించాడు. మరపు ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు ఏళ్ళలోనే జరిగిపోతుందనీ, ఆ తరువాత మిగిలినది ముప్ఫై ఏళ్ళ దాకా పెద్దగా తరగదనీ, మొదట ఎంత లోతుగా నేర్చుకున్నారో అంత ఎక్కువ మిగిలిందనీ తేలింది. దీని నుంచి నేను తీసుకున్న ఆచరణ ఏమంటే, తిరిగి వచ్చిన మొదటి ఐదారేళ్ళే గట్టిగా కాపలా కాయవలసిన కాలం. చాలామంది సరిగ్గా అప్పుడే, ఇల్లు సర్దుకోవడంలో, పిల్లల చదువుల్లో పడి వదిలేస్తారు.

ఆ కాపలా పెద్ద పెద్ద ప్రతిజ్ఞలతో జరగదు. నేను ఇప్పటికీ చేసేవి మూడే. ఉదయం కాఫీ తాగుతూ ఎన్‌హెచ్‌కె వార్తల్లోంచి ఒక ముక్క వినిపించేలా పైకి చదువుతాను. మౌనంగా చదివితే కన్ను అర్థం వెతుక్కుని ముందుకు జారిపోతుంది, విభక్తి ప్రత్యయాల మీద నిలవదు. మాకంటే మూడున్నర గంటలు ముందుండే ఆ దేశంలోని పాత సహోద్యోగితో వారానికి ఒకసారి మాట్లాడతాను, విషయం ఏదైనా సరే, ఎక్కువగా మోకాళ్ళ నొప్పుల గురించే. మూడోది కొత్త సంవత్సరపు కార్డులు. జనవరి 1న అందేలా పంపే ఆ ‘నెంగజో’లను అచ్చువేసి పంపకుండా, ఒక్కొక్కరికి రెండు మూడు వాక్యాలు చేత్తో రాస్తాను. ఆ డిసెంబరు రోజుల్లో మరిచిన కంజిలన్నీ బయటపడతాయి, వాటిని వెతికి రాయడంలోనే ఆ ఏడాది మరమ్మతు అయిపోతుంది. ఇందుకు మనుషులు కావాలి. కాబట్టి అక్కడ ఉన్నప్పుడే, ఉద్యోగంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు స్నేహితులను సంపాదించుకో.

ప్రస్తుతానికి నువ్వు చేయవలసిన పని ఒకటి. చేరిన రోజు అందరి ముందూ నిలబడి ‘జికొషోకై’, అంటే స్వపరిచయం, చెప్పాలి, పేరు, ఊరు, చదివినది, చేయబోయే పని, చివర ‘యొరొషికు ఒనెగై షిమస్’ (దయతో చూసుకోండి). దాన్ని నిమిషంన్నరకు మించకుండా రాసి, చూడకుండా చెప్పి, ఫోనులో రికార్డు చేసి నాకు పంపు. ఊరి పేరు దగ్గర తొందరపడకు, విశాఖపట్నం వాళ్ళకు నోరు తిరగదు, నిదానంగా రెండుసార్లు చెప్పు. దిద్ది ఆదివారానికల్లా తిప్పి పంపుతాను.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దనాన్న