ట్యాంక్‌బండ్ అంటే చెరువా, కట్టా?

మీరు అడిగింది ఇది: "హైదరాబాద్‌కి కొత్తగా వచ్చాను. ఆఫీసులో అందరూ వినాయకుణ్ణి ట్యాంక్‌బండ్‌లో వేశాం అంటారు. మ్యాప్‌లో చూస్తే ఆ చెరువు పేరు హుస్సేన్ సాగర్ అని ఉంది. అసలు ట్యాంక్‌బండ్ అంటే ఏమిటి? అది నీళ్ల ట్యాంకా, మిలిటరీ ట్యాంకా?"

రెండూ కాదు. ట్యాంక్ అంటే చెరువు, బండ్ అంటే కట్ట. అంటే మన చెరువు కట్టే. ఆంగ్లేయుల కాలం నుంచి మన దేశపు ఇంగ్లీషులో చెరువుని ట్యాంక్ అనే రాస్తున్నారు. నీటిపారుదల శాఖ కాగితాల్లో ఇప్పటికీ అలాగే ఉంటుంది.

ఇంత చిన్న సంగతి నాకు ఒక సాయంత్రమంతా తిరిగాక గానీ తెలియలేదు. 1996లో కరీంనగర్ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చాను. బావ ఫోన్లో చెప్పింది ఒక్క ముక్క: "సికింద్రాబాద్‌లో సిటీ బస్సెక్కి ట్యాంక్‌బండ్ కాడ దిగు, అక్కడ ఎవర్నడిగినా చెప్తరు." దిగాను. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరసగా విగ్రహాలు. ఇల్లు అన్నదే లేదు. మరమరాలు అమ్మే ఒకాయనకి చీటీ చూపిస్తే, "మీది ట్యాంక్‌బండా, కింది ట్యాంక్‌బండా?" అన్నాడు. నాకేం తెలుసు! విగ్రహాల వెనక్కి వెళ్లి చూడమన్నాడు. చూస్తే, ఇళ్లూ చెట్లూ అన్నీ రోడ్డు కంటే బాగా కింద ఉన్నాయి. ఇటు నీళ్లేమో దాదాపు రోడ్డు దాకా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, నేను నిలబడింది మా ఊరి చెరువు కట్టలాంటి దాని మీదేనని. మా ఊళ్లో కట్ట కింద పొలాలు, ఇక్కడ కట్ట కింద గాంధీనగర్, దోమల్‌గూడ. అంతే తేడా. చుట్టూ తిరిగి బావ ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. "లోయర్ అని చెప్పలేదా?" అని అక్క బావ మీద పడింది.

ఈ చెరువుని 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించారు. పని చేయించిన హుస్సేన్ షా వలీ పేరే దానికి వచ్చింది. హైదరాబాద్ నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఊరి కంటే చెరువే పెద్దది, వయసులో. కట్ట మీద రోడ్డుని ఇప్పటిలా వెడల్పు చేసింది 1946లో, మీర్జా ఇస్మాయిల్ నిజాంకి దివానుగా ఉన్నప్పుడు. విగ్రహాలు ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చాయి.

బండ్ అన్న మాట ఇంగ్లీషులా కనిపిస్తుంది గానీ ఇంగ్లీషుది కాదు, ఫారసీ 'బంద్'. కట్టడం, మూయడం, నీటికి అడ్డంగా వేసిన కట్ట, అన్నిటికీ అదే మాట. దాన్ని ఆంగ్లేయులు పట్టుకుని బండ్ చేశారు, షాంఘై దాకా మోసుకుపోయి అక్కడి నది ఒడ్డుకీ పెట్టారు. మనం రోజూ అనే "దుకాణం బంద్", పోలీసుల బందోబస్తు, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. నిమజ్జనం రోజు "ట్యాంక్‌బండ్ మీద బందోబస్తు, వాహనాలు బంద్" అని పేపర్లో చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఒకే మాట మూడు వేషాలు వేసుకుని ఒకే వాక్యంలోకి వచ్చింది. చుట్టరికం లేకపోయినా తెలుగు 'కట్ట' కూడా ఇదే దారిలో నడిచింది, 'కట్టు' నుంచే కదా పుట్టింది.

మరి తెలుగు పేరు ఏమైంది అంటే, అమ్మవారి దగ్గర దాక్కుంది. కింది ట్యాంక్‌బండ్‌లో ఉన్న గుడి కట్ట మైసమ్మది. తెలంగాణలో చాలా చెరువు కట్టల మీద మైసమ్మ ఉంటుంది, కట్ట తెగకుండా కాస్తుందని నమ్మకం. రోడ్డు పేరు మారినా ఆమె పేరులో కట్ట అలాగే ఉండిపోయింది.

ఇక వాడకం సంగతి. చెరువుని ట్యాంక్‌బండ్ అనడం తప్పా అంటే, నిఘంటువు ప్రకారం తప్పే, నగరం ప్రకారం కాదు. నేను గమనించింది ఏమిటంటే, విభక్తి చూస్తే మనిషి దేని గురించి మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది. "ట్యాంక్‌బండ్ మీద" అంటే కట్ట, "ట్యాంక్‌బండ్‌లో" అంటే చెరువు. కానీ వానాకాలంలో మాత్రం ఎవరూ ట్యాంక్‌బండ్ నిండిందనరు, హుస్సేన్ సాగర్ నిండిందనే అంటారు. నీటిమట్టం, గేట్లు, నాలా అనగానే ఆ పాత పేరే బయటికి వస్తుంది. "ట్యాంక్‌బండ్ కట్ట" అనేవాళ్లూ ఉన్నారు, కట్టకి ఇంకో కట్ట.

మా అమ్మది ఇంకో లెక్క. 1992 చివర్లో చెరువు మధ్య జిబ్రాల్టర్ రాక్ మీద బుద్ధుణ్ణి నిలబెట్టారు కదా, నేను ఉద్యోగంలో చేరాక ఆమెను చూడ్డానికి తీసుకెళ్లాను. చాలాసేపు చూసి, "గా బుద్ధుడు నిలబడ్డ బండేనా కొడుకా, ట్యాంకుబండ?" అంది. కాదని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు ఆ పేరు ఊళ్లకి తిరిగొచ్చింది. చెరువులు బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ తర్వాత సిద్దిపేట కోమటి చెరువు, మహబూబ్‌నగర్ పెద్ద చెరువు లాంటివి మినీ ట్యాంక్‌బండ్‌లయ్యాయి. మా ఊరి చెరువుకీ రెయిలింగు, లైట్లు, బెంచీలు వచ్చాయి. బతుకమ్మ రోజు అమ్మ "కట్ట మీదికి పోదాం పా" అంటే, మా అన్న మనవరాలు "కట్ట కాదు తాతమ్మా, మినీ ట్యాంక్‌బండ్" అని దిద్దుతుంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి: ఎవరైనా ట్యాంక్‌బండ్ దగ్గరికి రమ్మంటే, పైనా కిందా అని ముందే అడగండి. బండి మీద వెళ్తే మరీ ముఖ్యం, పొరపాటున పైకెక్కితే సుమారు రెండు కిలోమీటర్లు నేరుగా పోవాల్సిందే.