నెలకి 515 డాలర్లేగా అన్నావు

తమ్ముడూ, నువ్వు అడిగినవి నాలుగు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ ప్లేనోలో ఆఫీసుకి రోజూ కారులో వెళ్ళిరావడం కుదురుతుందా, వాడిన మస్టాంగ్ జీటీ అనే ఫోర్డ్ స్పోర్ట్స్ కారు కొనొచ్చా, అమెరికాకి కొత్తగా వచ్చినవాడికి కారు అప్పు మీద 14 శాతం వడ్డీ మామూలేనా, టోల్ రోడ్డు ఎక్కాలా వద్దా అని. నాలుగింటికీ కలిపి ముందు ఒక మాట చెప్తాను: నెలకి 515 డాలర్లేగా అంటున్న ఆ కారు అప్పు కాగితాల మీద సంతకం పెట్టకు. నన్ను తిట్టుకోవాలనిపిస్తే మొత్తం చదివాక తిట్టుకో.

కార్ల పిచ్చి అంటే ఏంటో నాకు చెప్పక్కర్లేదు. మాది విజయవాడ. మా మేనమామకి ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. వేసవి సెలవులొస్తే మా వాళ్ళంతా అమ్మమ్మగారింట్లో మామిడికాయలు తింటుంటే నేను మామయ్య షాపులో గ్రీజు పూసుకుని తిరిగేవాణ్ని. మారుతీ 800 వీధి మలుపు తిరుగుతుంటే మోత విని, మూడు సిలిండర్లలో ఒకటి కొట్టట్లేదని చెప్పేసేవాణ్ని. మీ బ్యాచ్ వాళ్ళలాగా వీడియోలు చూసి నేర్చుకున్న పిచ్చి కాదు మాది. ఆ ధీమాతోనే మునిగాను. కార్ల సంగతి నాకు బాగా తెలుసు, అప్పు కాగితం సంగతి బొత్తిగా తెలీదు.

2008 వేసవిలో డాలస్ వచ్చాను. హైవే పక్కన వరసగా ఉండే డీలర్లలో ఒకడి దగ్గరికి వెళ్ళాను. అక్కడ నల్లరంగు జర్మన్ కారు, రెండు తలుపులది, వెనక చక్రాల డ్రైవ్. తాళం తిప్పగానే ఆరు సిలిండర్లు ఒక్క గొంతుతో పలికాయి, నా పని అయిపోయింది. సేల్స్‌మన్ ధర గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "నెలకి ఎంత కట్టగలవు?" అని మాత్రం అడిగాడు. 450 అన్నాను. ఆ ఒక్క మాటతో బేరం నా చేతిలోంచి పోయింది.

కారు ధర 16,500. దానికి అమ్మకపు పన్ను, పొడిగించిన వారంటీ, పెయింట్ మెరవడానికేదో పూత, టైర్ల ప్లాన్ అన్నీ కలిపి సరిగ్గా 20,000 చేశాడు. క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పులు తీర్చిన రికార్డు, లేదు కాబట్టి 18 శాతం వడ్డీ, 72 నెలలు. నెలకి 456. నేను చెప్పినదానికి ఆరు డాలర్లే ఎక్కువ కదా అని మురిసిపోయి సంతకాలు పెట్టాను, పైగా వాడికి థాంక్స్ కూడా చెప్పాను. 72 నెలలూ కడితే మొత్తం 32,800 దాటుతుందన్న లెక్క ఆ రాత్రి రూములో కూర్చుని వేస్తే గాని తెలీలేదు. పదో తరగతి లెక్కే, కారు వాసనలో పడి వెయ్యలేదు.

ఆ జూలైలో దేశమంతటా మామూలు పెట్రోలు సగటు ధర గ్యాలన్‌కి 4 డాలర్లు దాటింది. మన కారేమో ప్రీమియం తప్ప తాగదు. ఆగస్టులో ఒకరోజు 635 హైవే మీద సాయంత్రం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకడం మొదలుపెట్టింది. బయట వంద డిగ్రీల ఫారెన్‌హీట్. ఏసీ ఆపి, ఇంజను వేడి లాగుతుందని హీటర్ ఫుల్లుగా పెట్టి, రెండు అద్దాలూ దించి, టైతో సహా తడిసిపోయి రోడ్డంచున ఉండే షోల్డర్ మీదికి చేరాను. కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్ పగిలింది, వాటర్ పంప్ పోయింది. బిల్లు 1,400. వారంటీ వాళ్ళకి ఫోన్ చేస్తే ప్లాస్టిక్ భాగాలకీ గొట్టాలకీ వర్తించదన్నారు. మామయ్యకి ఫోన్ చేసి చెప్తే, ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో ఇంజనే ఎక్కించేవాణ్ని కదరా అన్నాడు.

ఏడాది గడిచేసరికి నేను కట్టింది 5,470. బాకీ ఎంతుందో చూస్తే ఇంకా 18,000. అసల్లో తగ్గింది రెండు వేలు, మిగతాదంతా వడ్డీకే పోయింది. అదే టైములో ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద పడ్డాను. పోనీ కారు అమ్మేద్దామంటే 9,500 కన్నా పైసా ఎక్కువ ఇచ్చేవాడు లేడు. అంటే కారు వదిలించుకోవడానికి కూడా ఎదురు 8,500 కట్టాలి! చెల్లి పెళ్ళికి పంపుతానన్న డబ్బు పంపలేక, న్యూజెర్సీలో ఉన్న బావ దగ్గర చెయ్యి చాచాను. బావ ఇచ్చాడు. ఇప్పటికీ పండక్కి కలిస్తే "ఏంరా, జర్మన్ బండి ఎలా ఉంది" అంటాడు.

ఆ తర్వాత ఒక క్రెడిట్ యూనియన్‌లో, అంటే మెంబర్లే నడుపుకునే బ్యాంకు లాంటిదాంట్లో, మెంబర్‌గా చేరి, అదే అప్పుని తక్కువ వడ్డీకి మార్పించుకుని, ముగ్గురితో రూము పంచుకుని మొత్తానికి బయటపడ్డాను. ఇవాళ నా గరాజ్‌లో రెండు కార్లున్నాయి, ఆదివారాలకి మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు కూడా ఉంది, మాన్యువల్ గేరు. వేటి మీదా ఒక్క డాలరు అప్పు లేదు. గొప్పకే చెప్తున్నాను, చెప్పుకోదగ్గ గొప్పే.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 25,000 అప్పు, 14 శాతం, 72 నెలలు. నెలకి 515, మొత్తం 37,000 పైన. నీ వయసుకీ, ఇక్కడ డ్రైవింగ్ చరిత్ర లేనందుకూ ఇన్సూరెన్స్ 310 అడిగారని నువ్వే రాశావు. ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో రోజూ 50 మైళ్ళు తిరిగితే పెట్రోలు 175 ఎటూ పోదు. టోల్ ఇంకో 180. మొత్తం 1,180 డాలర్లు. మన రూపాయల్లో లక్ష దగ్గర తేలుతుంది. రూపాయల్లోకి మార్చుకోకూడదని మీ ఫ్రెండ్స్ అంటారు. నీ చదువుకి గుంటూరులో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు రూపాయల్లోనే ఉంది కదా, మార్చుకో. ప్రతి నెలా మార్చుకో.

ఇర్వింగ్ నుంచి ప్లేనోకి వెళ్ళడం ఏమంత కష్టం కాదు. సగం డాలస్ అదే పని చేస్తోంది. జార్జ్ బుష్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కితే హాయిగా వెళ్తావు గాని మైలుకి 20 సెంట్లు పైనే పడుతుంది. టోల్‌ట్యాగ్ (మన ఫాస్టాగ్ లాంటిది) లేకుండా మాత్రం ఎక్కకు. ట్యాగ్ లేకపోతే నంబర్ ప్లేటు ఫోటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు, దాదాపు రెట్టింపు. మా పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడు ఇల్లు మారి అడ్రసు మార్చుకోలేదు. బిల్లులన్నీ పాత ఇంటి డబ్బాలో పేరుకుపోయాయి, వాటి మీద జరిమానాలు ఎక్కాయి. తీరా చూస్తే ఒక నెల అద్దెంత తేలింది. నువ్వు పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరగలిగితే 635, 75 హైవేలు పట్టుకుని టోల్‌కి పైసా ఖర్చు లేకుండా పో. ఏడున్నర దాటితే మాత్రం 635 మీదే ఇరుక్కుంటావు.

ఏ కారు కొనాలి అంటావా? చేతిలో 8,000 ఉన్నాయన్నావు. క్రెడిట్ యూనియన్‌లో ఇంకో 3,000 తీసుకో, ఏడాదిలో తీర్చెయ్. 11,000కి కరోలా, సివిక్, మజ్దా 3 లాంటివి దొరుకుతాయి, లక్ష మైళ్ళు తిరిగినా భయపడకు. పిచ్చి తీరాలంటే మజ్దా 3లో మాన్యువల్ గేరుది వెతుకు. ఇక్కడ గేరు వెయ్యడం వచ్చినవాళ్ళు తక్కువ, కాబట్టి బేరం నీ వైపు ఉంటుంది.

చూసేటప్పుడు మాత్రం ఆటోనగర్ బుర్రతో చూడు. నువ్వు వెళ్ళేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే వాడేదో దాస్తున్నాడు. చల్లటి ఇంజను మొదటి పది సెకన్లలో చేసే చప్పుడు, వదిలే పొగ, వేడెక్కాక మాయమైపోతాయి. ఆయిల్ పోసే మూత తిప్పి వెనక వైపు చూడు, పాలు కలిసినట్టు తెల్లటి జిడ్డుంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చెయ్. ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) బోల్టుల తలల మీద పెయింట్ చెదిరి ఉంటే ఎప్పుడో దాన్ని ఊడదీశారని అర్థం. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అరుగుదల బాగున్నా ఆ వయసు టైరు టెక్సస్ ఎండకి పనికిరాదు, కొత్త సెట్టు డబ్బు బేరంలో తగ్గించమను.

సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడటం మర్చిపోకు. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్‌లో లక్షల కార్లు నీట మునిగాయి. ఏటా ఎక్కడో ఒకచోట మునుగుతూనే ఉంటాయి. అలాంటివి కడిగి, తుడిచి, సెంటు కొట్టి వేరే రాష్ట్రంలో అమ్ముతారు. కార్పెట్ మారుస్తారు, సీట్లు ఉతుకుతారు, కానీ బెల్టు చుట్ట లోపలి దాకా ఎవరూ చెయ్యి పెట్టరు. బురద గీత అక్కడ కనిపిస్తుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో ముక్కు పెట్టి వాసన చూడు. టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, దాని మీద సాల్వేజ్ (బాగా పాడైంది) అనో రీబిల్ట్ (పాడైతే మళ్ళీ బాగుచేసింది) అనో ఉంటే ఎంత చవకైనా వద్దు. ఇవన్నీ అయ్యాక కూడా 150, 200 ఇచ్చి బయటి మెకానిక్‌కి చూపించు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే నీకు కావల్సిన జవాబు అదే.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ గడువులు టెక్సస్ ప్రభుత్వ శాఖలైన డీపీఎస్, డీఎంవీ సైట్లలో ఉంటాయి, చూసుకో. 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గాని డాలస్, కాలిన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. స్కూలు బస్సు ఎర్రలైట్లు వెలిగిస్తే ఆగాలి, ఎదురుగా వస్తున్నా ఆగాలి. ఇన్సూరెన్స్‌లో మాత్రం పిసినారితనం చెయ్యకు. ఇంత డబ్బు మనిషినై నేనే చెప్తున్నాను. చట్టం అడిగే కనీసం ఒక మనిషి గాయాలకి 30 వేలు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకీ కలిపి 60 వేలు, ఎదుటివాడి ఆస్తికి 25 వేలు. ఎదుటివాడి కారుకి 25,000 అంటే ఇవాళ్టి కార్లకి ఏ మూలకీ సరిపోదు, మిగతాది నీ జేబులోంచే. ఆ అంకెలు పెంచుకో. పాత కారే కదా అని కాంప్రహెన్సివ్ తీసెయ్యకు, ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో వడగళ్ళు నిమ్మకాయలంత పడతాయి.

ఇక్కడ మెకానిక్ గంటకి 150 లాగేస్తాడు కాబట్టి చిన్నపనులు నేర్చుకో. క్యాబిన్ ఫిల్టరు, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు నీలాంటివాడు చేసుకోగలడు. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి పెట్రోలు కారుకీ స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు, అంటే కారు కంప్యూటర్‌కి తగిలించే సాకెట్, ఉంటుంది, 25 డాలర్ల రీడరు గుచ్చితే చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో చెప్తుంది. ఆటోజోన్ లాంటి షాపుల్లో పనిముట్లు డిపాజిట్ మీద ఇస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మాత్రం చెయ్యకు, లీజులో వద్దని రాసి ఉంటుంది. ఇల్లున్న ఫ్రెండ్ దగ్గరికి వెళ్ళు, బిర్యానీ పట్టుకెళ్తే ఎవరూ కాదనరు.

మస్టాంగ్ మీద మోజు తీరాలంటే కార్స్ అండ్ కాఫీ జరిగే శనివారం పొద్దున్నే వెళ్ళు. వంద రకాల కార్లు నిలబెడతారు, బానెట్లు ఎత్తి ఉంచుతారు, ఓనర్లు ఓపిగ్గా చెప్తారు. ప్రవేశం ఉచితం. అంత చూశాక కూడా మోజు తీరకపోతే నీ మజ్దాతో ఆటోక్రాస్‌లో కోన్ల మధ్య ఒక రోజు తిప్పొచ్చు, ఖర్చు ఒక నెల టోల్ కన్నా తక్కువే.

రూములో ఒక్కణ్ణే అనిపిస్తోంది, కారుంటే కాస్త తిరగొచ్చని చివర్లో ఒక లైను రాశావు. మీ ఆఫీసు వైపు వెళ్ళే తెలుగువాళ్ళు మీ ఇర్వింగ్‌లోనే వ్యాలీ రాంచ్‌లో బోలెడుమంది ఉన్నారు, ఇద్దర్ని ఎక్కించుకో. కబుర్లుంటాయి, టోల్ మూడో వంతుకి దిగుతుంది.

ఒకవేళ ఈ శనివారమే బేరం 11,000 దగ్గర తెగిందనుకో, డబ్బిచ్చి తాళం తీసుకుని వచ్చెయ్యకు. టెక్సస్‌లో 6.25 శాతం పన్ను, అంటే ఇంకో 687 డాలర్లు విడిగా పెట్టుకో. అమ్మినవాణ్ని వెంటబెట్టుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి, 130-యూ ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, టైటిల్ అక్కడే నీ పేరు మీదికి మార్పించుకో. శనివారం ఆ ఆఫీసులు సాధారణంగా ఉండవు. అందుకని అడ్వాన్స్ వంద కన్నా ఎక్కువ ఇవ్వకుండా సోమవారం పొద్దున్నకి మాట తీసుకో.