పక్షులు చూడ్డానికి గైడ్‌కి డబ్బులివ్వడం దండగా?

"శాన్ డియేగోలో ఉంటాం. సాల్టన్ సీ దగ్గర పక్షులు చూడాలంటే గైడ్ కావాలా, మేమే కారేసుకుని వెళ్తే చాలదా?" అని కదా మీ ప్రశ్న. వెళ్లొచ్చు. సాల్టన్ సీ పేరుకే సముద్రం, కాలిఫోర్నియా ఎడారిలో ఉప్పు సరస్సు. మొదటిసారి మేమూ అలాగే వెళ్లాం. ఒడ్డున అరగంట ముక్కు మూసుకుని నిలబడి తిరిగొచ్చాం. దూరానికి ఇసుకలా కనిపించేదంతా పెంకులూ చేపముళ్లే, అడుగేస్తే కరకరమంటుంది.

రెండోసారి జనవరిలో గైడ్‌ని పెట్టుకున్నాం. కైకలూరు నుంచి వచ్చిన నాన్న కూడా ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. సూర్యోదయానికి స్నో గూస్‌లు, అంటే పెద్ద బాతుల్లాంటివి, వేలల్లో ఒక్కసారిగా లేచాయి. తెల్లటి ఒళ్లు, రెక్కల చివర నలుపు. అంతవరకు బాగుంది. ఆ గుంపులో కాస్త పొట్టిగా ఉన్నది రాస్ గూస్ అని చూపించడానికి గైడ్ నలభై నిమిషాలు తీసుకున్నాడు. ఈ జాతుల లెక్క పిచ్చి నాకు ఎక్కదు. సాయంత్రానికి 74 అని రాసుకున్నాడు, నాకు గుర్తున్నవి ఆరో ఏడో.

వాసనకి నాన్న "చేపల చెరువు ఎండగట్టినట్టుందే" అన్నారు. 1905లో కొలరాడో నది నీళ్లు సాగు కాలవకి గండి కొట్టి రెండేళ్ల పాటు ఈ పల్లంలోకి పారాయనీ, ఇప్పుడు బతికించేది పొలాల మురుగు నీరేననీ గైడ్ చెప్పాడు. "అంటే మన మురుగు కాలవ చివర పల్లమేగా" అని నాన్న తేల్చేశారు. పొలాల్లో నీళ్ల వాడకం తగ్గేకొద్దీ మురుగూ తగ్గుతోంది, ఏటికేడు ఒడ్డు వెనక్కి పోతోంది.

అసలు సంగతి పొలాల్లో ఉంది. సరస్సుకి దక్షిణాన ఇంపీరియల్ వ్యాలీలో అల్‌ఫాల్ఫా మేతగడ్డి, లెట్యూస్ చేలు చదరంగం గళ్లలా ఉంటాయి. ఏ గడిలో పక్షులున్నాయో మనకెలా తెలుస్తుంది? గైడ్ వెతికింది పక్షుల్ని కాదు, తడి పెడుతున్న చేని. ఒక కాలవ దగ్గర పికప్ ఆపి తూము తలుపు ఎత్తుతున్న మనిషిని చూపించి "సాన్‌హేరో, పొలాలకి నీళ్లు వదిలేవాడు" అన్నాడు. "లస్కరు!" అన్నారు నాన్న, ఊళ్లో వాణ్ణి చూసినట్టు. నీళ్లు పాకుతున్న చోట పురుగులు పైకొస్తున్నాయి, వాటి వెనకే తెల్లకొంగలు, నల్లటి ఐబిస్‌లు, వంకర ముక్కు కర్ల్యూలు. ఎకరానికి ఎన్ని తడులు, శిస్తు ఎంత అని నాన్న అడుగుతుంటే నేను అనువదించలేక చచ్చాను.

తర్వాత కాలవ గట్టు మీద కారు ఆపి "దిగొద్దు, అద్దం దించండి" అన్నాడు గైడ్. మట్టిగడ్డ అనుకున్నది తల తిప్పింది. జానెడు గుడ్లగూబ, పట్టపగలు, బొరియ ముందు పొడుగు కాళ్ల మీద కాపలాదారులా నిలబడింది. పసుపు కళ్లతో మమ్మల్ని చూసి రెండుసార్లు గుంజీలు తీసింది. మేమొక్కళ్లమే అయితే యాభై మైళ్ల వేగంతో దాన్ని దాటిపోయేవాళ్లం. ఈలోగా వెనక కార్లోంచి ఒకాయన దిగి, పెద్ద లెన్స్ పట్టుకుని, ఫోన్‌లో దాని కూత పెట్టాడు. అది బొరియలోకి దూరి మళ్లీ రాలేదు. అలాంటివాళ్లకి బైనాక్యులర్స్ అమ్మకూడదు.

ఎల్లో-ఫుటెడ్ గల్ అనే పసుపు కాళ్ల సముద్రపక్షి అమెరికాలో ఏటా తప్పక కనిపించేది ఇక్కడొక్కచోటే అని జూలై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లున్నారు. 45 డిగ్రీల ఎండలో ఒక గల్ కోసం నేనైతే వెళ్లను, మీరూ చలికాలంలోనే పెట్టుకోండి. పొలాల్లో చెట్టూ ఉండదు, బాత్‌రూమూ ఉండదు, దారిలోనే చూసుకోండి.

ఎంతయిందని మాత్రం అడక్కండి. నాన్నకి ఇప్పటికీ అందులో సగమే చెప్పాను.