బాస్ గుమ్మనే గదిలో కుర్చీ ఎక్కడ వేయాలి?

ప్రశ్న: 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో స్టీరియో అమర్చుకుని, గది నడిమధ్యలో కూర్చుని పాటలు వింటున్నాను. మంద్రస్థాయిలో కొన్ని స్వరాలు గుమ్మని గదంతా నిండిపోతుంటే, మరికొన్ని దాదాపు వినపడడం లేదు. మొదట్లో చప్పట్లు కొడితే గోడల మధ్య టకటకమని మోగేది. గోడల నిండా అంగుళం మందం స్పంజు పలకలు అంటించాక ఆ మోత పోయింది, దానితోపాటు పాటలోని మెరుపూ పోయింది; గుమ్మనడం మాత్రం తగ్గలేదు. స్పీకర్లు మార్చాలంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: స్పీకర్లు మార్చవద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ గది కొలతలకూ, మీ కుర్చీ ఉన్న చోటుకూ, గోడల మీది స్పంజుకూ సంబంధించినవి. ఎంత మంచి స్పీకర్లు తెచ్చినా ఇదే చోట ఇలాగే వినిపిస్తాయి.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉన్న స్వరం ఆ గోడల మధ్య అనునాదం చెందుతుంది, అంటే మరింత బిగ్గరగా మోగుతుంది కాబట్టి, మీ గది పొడవులో మొదటి అనునాదం 43 హెర్ట్జ్ (సెకనుకు 43 కంపనాలు) దగ్గర, రెండవది 86 దగ్గర వస్తాయి. మొదటిదానికి గది నడిమధ్యన ధ్వని పీడనం దాదాపు శూన్యం, రెండవదానికి సరిగ్గా అక్కడే గరిష్ఠం. మీరు కూర్చున్నది ఆ మధ్యలోనే కనుక ఒక స్వరం మాయమై మరొకటి విరుచుకుపడుతోంది. వెడల్పు, ఎత్తు సమానం కావడం మరో చిక్కు: రెండు దిక్కుల అనునాదాలూ 57 హెర్ట్జ్ దగ్గరే ఒకదానిమీద ఒకటి పడతాయి.

స్పంజు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరం మార్మోతను తగ్గించే పని చేపట్టిన భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్, సమీపంలోని థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి పరుస్తూ, ఆర్గన్ అనే వాద్యపు గొట్టం నాదం ఎంతసేపటికి ఆగుతుందో కొలిచాడు. ఎంతో శ్రద్ధతో చేసిన ఆ కొలతలంటే నాకు గొప్ప గౌరవం. అయితే ఆ గొట్టం నాదం 512 హెర్ట్జ్. మెత్తలు ఆ స్థాయిలో పీల్చుకున్నట్టు 43 దగ్గర పీల్చుకోలేవు, ఎందుకంటే అక్కడ తరంగదైర్ఘ్యం దాదాపు 8 మీటర్లు. అంగుళం స్పంజు గట్టిగా పనిచేసేది సుమారు 1000 హెర్ట్జ్ పైననే కాబట్టి, మీ గోడలు పై స్థాయి స్వరాలను మాత్రమే మింగి, మంద్రాన్ని యథాతథంగా వదిలేశాయి.

ముందు కుర్చీని జరపండి. వెనుక గోడకు సుమారు ఒకటిన్నర మీటరు దూరం మంచి ఆరంభం. స్పీకర్లను ముందు గోడకు 90 సెంటీమీటర్లు, పక్క గోడలకు 60 సెంటీమీటర్లు ఎడంగా ఉంచితే, వాటి మధ్య 1.8 మీటర్లు వచ్చి మీతో కలిసి దాదాపు సమబాహు త్రిభుజం ఏర్పడుతుంది. ముందు, పక్క దూరాలు సమానం కాకుండా చూడడం ముఖ్యం. గోడనుంచి తిరిగివచ్చే ధ్వని సూటిగా వచ్చే ధ్వనిని ఏ స్వరం దగ్గర రద్దుచేస్తుందన్నది ఆ దూరాన్ని బట్టే ఉంటుంది కనుక, రెండూ ఒకటైతే ఒకేచోట లోతైన గుంట పడుతుంది. తరువాత కుర్చీని పది పది సెంటీమీటర్లు జరుపుతూ, 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పెరిగే స్వరాన్ని వింటూ, అత్యంత సమంగా ఉన్న చోటును గుర్తించండి. ఓపిక కావలసిన పని ఇదొక్కటే, ఫలితంలో పెద్ద వంతూ దీనిదే.

స్పంజులో చాలా భాగం తీసేయండి. మీరు కూర్చుని ఉండగా ఒకరిని పక్క గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో స్పీకరు కనిపించిన చోట మాత్రం పది సెంటీమీటర్ల మందం మినరల్ వూల్ (ఖనిజపు పీచు) పలక పెడితే చాలు. గది మూలల్లో నేల నుంచి కప్పు వరకు అంతకంటే మందమైనవి, వెనుక ఖాళీ వదిలి అడ్డంగా నిలపండి.

ఇంత చేసినా 57 దగ్గర కొంత ఉబ్బు మిగలవచ్చు. దాన్ని ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్థాయి స్వరాలను విడిగా హెచ్చించి తగ్గించే సాధనంతో, తగ్గించవచ్చు. మాయమైన స్వరాన్ని మాత్రం ఈక్వలైజర్‌తో పెంచాలని చూడవద్దు. పెంచిన మేరకు రద్దయ్యే భాగమూ పెరుగుతుంది, భారమంతా యాంప్లిఫైయర్ మీద పడుతుంది.