ఛాతీ బిగుతును గ్యాస్ అనుకోకండి

ప్రశ్న: నా వయసు 57. బీపీ, షుగర్ ఉన్నాయి. మా అబ్బాయి ఆర్మీలో, పఠాన్‌కోట్ వైపు ఉన్నాడు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైనప్పటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా టీవీ ముందే కూర్చుంటున్నాను. 10న కాల్పులు ఆగినా నిద్ర పట్టడం లేదు. పక్కింటాయన ఇచ్చిన అల్ప్రజోలం అనే నిద్రమాత్ర వేసుకుంటున్నాను. మెట్లెక్కితే ఛాతీ బిగుసుకుంటోంది, కాసేపు ఆగితే తగ్గుతోంది. గ్యాస్ కావచ్చు. మళ్లీ దాడులు మొదలైతే మందులు దొరుకుతాయో లేదో! బీపీ, షుగర్ మాత్రలు ఆరు నెలలకు కొనిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: మాత్రల సంగతి తర్వాత. మీరు గ్యాస్ అని రాసి వదిలేసిన ఆ ఛాతీ బిగుతే నన్ను కంగారు పెడుతోంది. మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గుతోందంటే, అందులోనూ షుగర్ ఉందంటే, గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉండొచ్చు. మిమ్మల్ని చూడకుండా అదేనని చెప్పలేను. కాదని తేలేదాకా మాత్రం అదేననుకుని జాగ్రత్త పడాలి. ఈరోజే ఈసీజీ తీయించుకుని ఫిజీషియన్‌ను గానీ కార్డియాలజిస్టును గానీ కలవండి. ఈసీజీ నార్మల్ అనగానే ఇంటికి వచ్చేయొద్దు. కదలకుండా పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఈ సమస్య చాలాసార్లు బయటపడదు. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ తీసే ఈసీజీ) అవసరమా అన్నది డాక్టర్ చెబుతారు. ఊరికే కూర్చున్నప్పుడు బిగుతు వచ్చినా, చెమటలు, ఆయాసం తోడైనా సోడా తాగి చూస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

టెన్షన్ గుండె మీద పడటం కొత్తేమీ కాదు. 1991 జనవరిలో ఇరాక్ క్షిపణులు ఇజ్రాయెల్ మీద పడ్డ తొలి రోజుల్లో టెల్ అవీవ్‌లో గుండెపోట్లు పెరిగాయని వైద్య పత్రికల్లో నమోదైంది.

ఇక ఆ అల్ప్రజోలం. పక్కింటాయన మీద నాకు కోపం లేదు, మీ మీదే ఉంది. కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు నా టేబుల్ మీదకు రోజూ వస్తుంటాయి. వాటి మీద డోసు ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. త్వరగా అలవాటవుతుంది. గురక ఉన్నవారికి, మద్యం తీసుకునేవారికి ప్రమాదం. కొన్నాళ్లుగా రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా మానేయడమూ మంచిది కాదు. ఆ స్ట్రిప్పే తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, ఎలా తగ్గించాలో చెబుతారు.

రాత్రి భోజనమయ్యాక టీవీ కట్టేయండి. అబ్బాయి గురించిన దిగులు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఆరు నెలల స్టాక్ వద్దు. పరీక్షలయ్యాక మీ మందులే మారిపోవచ్చు. చేతిలో ఒక నెలవి అదనంగా ఉంటే చాలు.
– జనరల్ ఫిజీషియన్, బెంగళూరు